పప్పు చల్లారేలోపు

మా అత్త లెక్కలో చల్లారిన కూడు పెట్టడం అంటే మనిషి మొహం మీద తలుపు వేయడమే. ఎచ్చగా పెట్టేకి చేతగానోళ్లు పొయ్యి ఎందుకు ముట్టించల్ల అనేది. మాది గార్లదిన్నె పక్క పల్లె. మెట్ట చేను, వాన పడితే చెనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. మామ బతికున్న రోజుల్లో చేను నుంచి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పన్నెండుకు రావచ్చు, నాలుగుకు రావచ్చు. ఎప్పుడొచ్చినా సంగటి పొగలు కక్కుతూ ఉండాల్సిందే. అందుకోసం అత్త ఒక గంప పెట్టుకునింది. పెద్ద వెదురు గంప, అడుగున జానెడు మందాన చెనక్కాయ పొట్టు, దాని మీద పాత చీర. మూత పెట్టిన గిన్నెను మధ్యలో దించి, చుట్టూ మళ్లీ పొట్టు కూరి, పైన గొర్రెబొచ్చు కంబళి కప్పేది. పొద్దున ఏడింటికి పెట్టిన సంగటి మధ్యాహ్నం రెండైనా చేయి కాలేది. నేను కాపురానికి వచ్చిన రోజు అత్త నాకు ముందు చూపించింది ఆ గంపనే. నగల బీరువా ఆ తర్వాతే.

నేను పక్క ఊరి బడిలో పంతులమ్మను. ఇరవై ఏళ్లుగా పిల్లల మీద అరిచీ అరిచీ నా గొంతు ఇంట్లో కూడా తగ్గదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా విషయంలో ఊరే మంచిది, ఇల్లు ఇంకా మంచిది, అందుకే నెట్టుకొస్తున్నాను.

ఏడాదిన్నర కిందట మా ఆయనకు మెడ పక్కన గడ్డ లేచింది. అనంతపురంలో చూపిస్తే బెంగళూరు పొమ్మన్నారు. అక్కడ పరీక్షలన్నీ చేసి క్యాన్సర్ అన్నారు. నయమయ్యే రకమేనని, భయపడవద్దని కూడా అన్నారు. కాకపోతే ఆరు విడతలు మందు ఎక్కించాలి, మూడు వారాలకొక విడత. తప్పకూడదు. మందు ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి అడుగంటుతుందట. ఆ రోజుల్లో చిన్న జ్వరం వచ్చినా, కడుపు చెడినా తర్వాతి విడత వెనక్కి పోతుంది. అట్లా రెండు మూడు సార్లు వెనక్కి పోతే, అణిగిన గడ్డ మళ్లీ లేస్తుంది. డాక్టరు ఈ మాట చెప్పేటప్పుడు మా ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాను. అంటే, విన్నాననుకున్నాను.

అక్కడి నర్సమ్మ తిండి సంగతులు చెప్పింది. పచ్చివి వద్దు, బయటివి వద్దు, వండింది వేడివేడిగా తినాలి, మిగిలింది బయట పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ పెట్టేటప్పుడు సలసల మరిగేదాకా తెర్లించి పెట్టాలి. ఇంకా ఏదో చెప్పబోయింది గాని, మా వెనక పదిమంది వరుసలో ఉన్నారు. నేను ఫ్రిజ్ అన్న ఒక్క మాట పట్టుకుని ఊరికి వచ్చేశాను.

మందు పడగానే ఆయన నోరంతా పుండ్లయింది. వేడిది నాలుక మీద పెట్టలేడు. నాలుగు ముద్దలు తింటే ఎక్కువ, కాని రోజుకు ఏడెనిమిది సార్లు ఆకలి అంటాడు. నేను ఎనిమిదికల్లా బడికి పోవాలి. ఇంట్లో అత్త ఒక్కతే. కాబట్టి పొద్దున వండిందే రోజంతా కొంచెం కొంచెం పెట్టాలి. నేను పప్పన్నం వండి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. అత్త తన లెక్కన సంగటి వండి గంపలో పెట్టేది. నేను వద్దన్నాను. వానికి పుట్టినప్పటినుంచి ఈ గంపలోదే పెట్టినా, వాడేమన్నా చచ్చినాడా అని అడిగింది. ఆ మాటకు ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం. ఆ వారమంతా చావు అన్న మాట మా ఇంట్లో ఎవరూ నోటికి రానీయలేదు.

రెండో విడత అయిన పదకొండో రోజు, సోమవారం, సాయంత్రానికి ఆయనకు చలి మొదలైంది. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒళ్లు కాలిపోతోంది. కారు మాట్లాడుకుని అనంతపురం తీసుకుపోయాం. ఐదు రోజులు సెలైన్లు, సూదులు. మూడో విడత రెండు వారాలు వెనక్కి పోయింది. ఏం తిన్నాడని డాక్టరు అడిగి, తిన్నదాంట్లోనే తేడా వచ్చుండచ్చు అన్నాడు తప్ప ఇదే కారణమని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు నాకు. కారణం నా కళ్ల ముందే కంబళి కప్పుకుని కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి ఆయనను మంచం మీద పడుకోబెట్టాక నా నోరు తెరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను దుత్త దాకా పోలేదు, అత్త మీద కోపం అత్త మీదే చూపించాను. గంపలో గంటలు గంటలు గోరువెచ్చగా మగ్గితే అందులో పురుగు పుట్టక ఏమవుతుందన్నాను. చదువు లేకపోతే లేదు, చెప్పింది వినాలన్న జ్ఞానమైనా ఉండొద్దా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేసే మాటలు ఇంకా నాలుగు అన్నాను. ఆఖరున అన్నది మాత్రం ఇది.

"నీ గంపే ఆయన్ను ఆసుపత్రిలో పడేసింది అత్తా."

మంచం మీదనుంచి ఆయన లేచి ఏదో చెప్పబోయాడు. అత్త అటు తిరిగి, "నువ్వు గమ్మునుండ్రా" అనింది. ఆయన మళ్లీ పడుకున్నాడు. అత్త గంపను తానే ఎత్తుకుపోయి పొట్టంతా దొడ్లో పాడి ఎనుము కింద పోసింది. కంబళి నానబెట్టింది. ఖాళీ గంపను కోళ్లు మూసేకి పనికొస్తుందని పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. ఒప్పుకునింది కదా, తప్పు తెలిసింది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే గెలిచానన్న సంతోషం కూడా కలిగింది.

మర్నాడు బెంగళూరు నర్సమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు వరుసలో చెప్పలేకపోయిందంతా ఆమె తీరిగ్గా చెప్పింది. వేడిది వేడిగా ఉంటే ఫరవాలేదు, చల్లనిది చల్లగా ఉంటే ఫరవాలేదు, మధ్యలో గోరువెచ్చగా ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. కాబట్టి తొందరగా చల్లార్చాలి, రెండు గంటలకు మించకుండా ఫ్రిజ్‌లోకి పోవాలి. పెద్ద గిన్నెలో ఉంచితే మధ్యలో వేడి పోదు. వెడల్పాటి పళ్లాల్లో పలచగా పరచాలి, లేదంటే చిన్న చిన్న గిన్నెల్లోకి పంచాలి. గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండాలి. ఆవిరి పోయేదాకా గట్టిగా మూత పెట్టకూడదు. నేను ఇదంతా బడిలో పాఠం చెప్పినట్టు అత్తకు అప్పజెప్పాను. పెద్ద గిన్నె మధ్యలో వేడి పోదన్న చోట అత్త నన్ను ఆపి, ఇంకోసారి చెప్పమనింది. చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, సరేలే అని లేచిపోయింది.

ఆ రోజునుంచి మా వంటిల్లు మారిపోయింది. అన్నం దించగానే పెళ్లిళ్లకు వాడే పెద్ద తాంబాళాల్లో పరిచి ఫ్యాను కింద పెట్టేవాళ్లం. ఈగలు వాలకుండా పైన పిండిజల్లెడ బోర్లించాలన్న ఆలోచన అత్తదే. ఆవిరి పోతుంది, ఈగ రాదు. పప్పు దగ్గరే తగువు వచ్చింది. పప్పు గిన్నెను నీళ్ల టబ్బులో పెట్టాలంటే అత్తకు ప్రాణం పోయినంత పనైంది. మా ఊళ్లో కొళాయి రెండు రోజులకొకసారి వస్తుంది, ఎండాకాలంలో అదీ నమ్మకం లేదు. సల్లార్చేకి రెండు కడవల నీళ్లా, పప్పుకు తలంటు పోస్తాండావా అని అడిగింది. నేను వినకుండా మిద్దె మీది ట్యాంకు నుంచి టబ్బు నింపాను. చేయి పెడితే కాలింది. ఏప్రిల్ ఎండకు ఆ నీళ్లలో పప్పును చల్లార్చడం కాదు, ఉడికించవచ్చు. అత్త నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునింది. గంప పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను కూడా నవ్వేశాను.

మరుసటి రోజునుంచి అత్త తెల్లవారకముందే రెండు మట్టికడవలు నింపి, తడిగుడ్డ చుట్టి, నీడలో పెట్టేది. పప్పు దిగేసరికి ఆ నీళ్లు జిల్లుమనేవి. చల్లార్చడం అయ్యాక టబ్బు నీళ్లు ఒక్క చుక్క వృథా పోయేది కాదు. సగం ఎనుముకు, సగం మునగచెట్టుకు. ఆ ఏడు మునక్కాయలు విరగకాశాయి. కాసినవాటిలో సగం పప్పులో వేసి చల్లార్చేకే సరిపోయింది, ఏం లాభం అని అత్త సణుగుడు.

ఇంకో ఉపాయం కూడా ఆమే కనిపెట్టింది. మామ నీళ్లు తాగేకి వాడిన పొడుగాటి స్టీలు చెంబు ఉండేది. దాన్ని సలసల కాగే నీళ్లలో కడిగి, లోపల ఐసు ముక్కలు నింపి మూత బిగించి, ఆ చెంబునే పప్పులో నిలబెట్టి గరిటె తిప్పినట్టు తిప్పేది. బయట చల్లటి నీళ్లు, లోపల చల్లటి చెంబు. గంట పట్టే పని పావుగంటలో అయిపోయేది. నేను నర్సమ్మకు ఫోన్లో చెబితే ఆమె ఇంకోసారి అడిగి తెలుసుకుని, మిగతా వాళ్లకు కూడా చెబుతానంది. ఆ మాట అత్తకు చేరవేస్తే, బెంగుళూరోళ్లకు చెంబులు ఉండవా అనింది. ఆ సాయంత్రమే ఊళ్లో నలుగురికి ఆ మాట చెప్పి వచ్చింది.

అత్తకు గడియారం చూడడం రాదు. అయినా రెండు గంటల లెక్క ఎప్పుడూ తప్పలేదు. పొద్దున పూట టీవీలో పాత సీరియళ్లు మళ్లీ వేస్తారు, ఒక్కోటి అరగంట. మొదటిది మొదలయ్యేటప్పుడు పొయ్యి మీదనుంచి దింపేది. నాలుగోది అయ్యేలోపు అన్నీ చిన్న డబ్బాల్లో ఫ్రిజ్ ఎక్కాల్సిందే. పెట్టేటప్పుడు ఒక డబ్బా తీసి తెర్లించి, మళ్లీ చెంబుతో కొడుకు నోటికి సరిపోయేంత చల్లబరిచి, పక్కన కూర్చుని తినిపించేది. నలభై ఎనిమిదేళ్ల కొడుకు ప్రతి ముద్దకూ మొహం తిప్పేవాడు. ఆమె ప్రతి ముద్దకూ బతిమాలేది. బడినుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తూ నేను అది చూసేదాన్ని. ఎంత ముద్దొచ్చేవాళ్లో ఇద్దరూ.

మూడో విడత అయింది, నాలుగో విడత అయింది. జ్వరం లేదు, వాంతి లేదు. ఐదో విడతకు ఇంకో నాలుగు రోజులుందనగా ఆదివారం వచ్చింది. మంగళవారం రక్తపరీక్ష. అందులో లెక్క బాగుంటేనే గురువారం మందు. ఒంట్లోకి బలం రావాలని నేను ఊళ్లో వెతికి నాటుకోడి తెప్పించాను. పెద్ద గిన్నె నిండా పలచగా పులుసు కాచాను, రెండు రోజులకు సరిపోయేంత. అప్పటికి ఒంటిగంట. ఆయన సూది మందు ఒకటి అనంతపురంలో ఒకే దుకాణంలో దొరుకుతుంది. ఒకటిన్నర బస్సు పోతే మళ్లీ సాయంత్రమే. అత్త పక్కవీధిలో ఎవరో బాలింతను చూడడానికి పోయింది. పంచేకి, పరిచేకి, చెంబు తిప్పేకి నాకు టైము లేదు. ఒక్కరోజుకేమైందిలే, ఫ్రిజ్ ఉండేది ఎందుకు అనుకున్నాను. ఇంత గిన్నెను ఉన్నపళంగా, మూతపెట్టి, ఫ్రిజ్‌లో అరలు తీసేసి తోసి తలుపు మూశాను. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందంటారు. మా ఇంట్లో అత్తకు బుద్ధి చెప్పిన కోడలే నాకింది.

సాయంత్రం ఆరున్నరకు దిగి ఇంటికొస్తే, ఆ పెద్ద గిన్నె కడిగి దొడ్లో బోర్లించి ఉంది. పులుసేదీ అని అడిగాను. దిబ్బలో పోసి మన్ను కప్పినా అనింది అత్త. నాకు ఒళ్లు మండిపోయింది. ఎండలో బస్సులో నిలబడి వచ్చిన అలసట ఒకటి, మంగళవారం పరీక్ష భయం ఒకటి. అంత కోడిని దిబ్బపాలు చేసేకి నీకు చేతులెట్లా వచ్చినాయి అని మొదలుపెట్టాను. నేను ఆగేదాకా ఆగి, ఆమె నెమ్మదిగా చెప్పింది.

"వానికి పెడదామని గరిటె అడుగుదాకా ముంచినా మ్మే. మధ్యలో ఎచ్చగా ఉండాది. పొద్దు వాలినా ఎచ్చగానే ఉండాది. ఆ పొద్దు పప్పు కూడా ఇట్లనే ఉండె."

ఏ పొద్దు, ఏ పప్పు అని అడిగాను. అడుగుతూనే నాకు అర్థమైపోయింది. గడప మీద కూర్చుండిపోయాను.

ఆయనకు జ్వరం వచ్చిన సోమవారానికి ముందు, ఆదివారం పొద్దు మునిగే వేళ, నేను రెండు రోజులకని పెద్ద గిన్నెలో పప్పు కాచి వేడివేడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో తోశాను. ఆ రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉండింది. సోమవారం సంగతి అత్త చెప్పింది. నేను బడికి పోయాక ఆమె ఆయనకు గంపలోని సంగటి పెట్టబోయింది. నోరు మండుతోందని ఆయన ఒక్క ముద్ద కూడా మింగలేదు. నా పప్పే అన్నంలో కలిపి పెట్టింది. నోటి పుండ్లకు వేడి తగలకూడదని, మధ్యలోనుంచి వెచ్చగా వచ్చినదాన్ని మళ్లీ తెర్లించకుండానే పెట్టింది. ఆ రోజు ఆయన తిన్నది అంతే. గంపలోది ఒక్క మెతుకు కూడా ఆయన కడుపులోకి పోలేదు.

రెండు నెలలు. రెండు నెలలుగా ఆ నింద నెత్తిన పెట్టుకుని నా పాఠాలన్నీ విన్నది, తెల్లవారకముందే కడవలు మోసింది. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమైతాది? నాలుగు దినాలు ఏడుస్తావు. వంటింట్లోకి వచ్చేకి బయపడతావు. బడికి పోవల్ల, బెంగుళూరికి పోవల్ల, వానికి దైర్యం చెప్పల్ల, అన్నీ నువ్వేగదా చేసేది. నా మీద ఉంటే ఏం పోయింది? తెర్లించకుండా పెట్టింది నేనే గదా, నాది లేదా అందులో?"

లోపలికి పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, జరిగింది చెప్పాను. నా పప్పే అని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తిన్నది నేనే గదా, నాకు తెలీదా అన్నాడు. చెప్పబోతే అమ్మ ఆపిందని, చెబితే నేను కుంగిపోతానని అమ్మ తర్వాత అన్నదే సరనిపించిందని అన్నాడు. నేను అరిచిన ప్రతి మాటా, ఇద్దరూ తెలిసి తెలిసి, నా మొహం చూస్తూ విన్నారన్నమాట. నేను అప్పుడు ఏడ్చిన ఏడుపు ఆయనకు రోగం బయటపడిన రోజున కూడా ఏడవలేదు.

మంగళవారం పరీక్షలో లెక్క బాగుంది. గురువారం ఐదో విడత ఎక్కించారు. బెంగళూరునుంచి తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున అత్త తాంబాళంలో అన్నం పరుస్తోంది. క్షమించమని అడగడం మా పక్క అలవాటు లేని మాట, నాకు నోరు తిరగలేదు. పక్కన కూర్చుని నేను కూడా అన్నం పరుస్తూ, అత్తా, నన్ను ఒక్కసారి గట్టిగా తిట్టు, కడుపు నిండా తిట్టు అన్నాను.

"వాని ఆరో సూది కానీ మ్మే. అప్పుడు నడివీధిలో నిలబెట్టి తిడతా."

ఆరోదీ అయింది. గడ్డ పోయిందన్నారు. ఆయన ఇప్పుడు చేనుకు పోతున్నాడు, సంగటి మింగుతున్నాడు, తల వెంట్రుకలు కూడా వచ్చాయి. అది జరిగి పది నెలలు. రోజూ పక్కపక్కన కూర్చుని వండుకుంటాం, ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఇదిగో మొదలుపెడుతుంది అనుకుంటాను. ఇంతవరకు తిట్టలేదు.